జనవరిలో క్యాంపర్‌తో మనాలి, కాజా: నీళ్ల లైన్లు గడ్డకట్టకుండా ఏం చేయాలి, కడితే ఎలా కరిగించాలి

గుంటూరు నుంచి మీరు పెట్టిన ప్రశ్న చదివానండి. ట్రావెలర్ బండిని క్యాంపర్‌గా చేయించుకున్నారు, సంక్రాంతి అయ్యాక ఇంటిల్లిపాదీ మనాలి వెళ్లి, అటల్ టన్నెల్ దాటి కేలాంగ్ చూసి, తర్వాత కిందికి దిగి కిన్నౌర్ వైపు నుంచి స్పితి లోయలోని కాజా ఎక్కుదామనుకుంటున్నారు. ఛాసిస్ కింద 100 లీటర్ల ట్యాంకు, సీపీవీసీ పైపులు, 12 వోల్టుల పంపు, సింక్, షవర్, గ్యాస్ గీజర్ ఉన్నాయి. పైపులకి కరెంటుతో వేడెక్కే హీటింగ్ టేప్ చుట్టిస్తే సరిపోతుందా, ఒకవేళ గడ్డకడితే గ్యాస్ టార్చ్ పెట్టి కరిగించుకోవచ్చా అని అడిగారు.

రెండోదానికి ముందు చెప్పేస్తాను: ఆ టార్చ్ అసలు బండి ఎక్కించకండి. మొదటిదానికి జవాబు కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో క్యాంపర్లకి నీళ్ల లైన్లు, వైరింగ్ చేస్తుంటాను. మేం కట్టిన బండ్లతో చలికాలం కొండలెక్కిన అనుభవం ఉంది, అక్కడ పగిలి ఇక్కడికి తిరిగొచ్చిన బండ్లు విప్పిన అనుభవం అంతకంటే ఎక్కువ ఉంది.

నా మాట ఒకటే. మనాలి వరకు లైన్‌లో నీళ్లు ఉంచుకుని కాపాడుకోవచ్చు. కేలాంగ్‌లో రాత్రి ఆగినా, కాజా వెళ్లినా మాత్రం లైన్ మొత్తం ఖాళీ చేసుకుని వెళ్లండి, అక్కడ క్యాన్లతో, చెంబుతో గడపండి. ఇంత ఖర్చుపెట్టి షవర్ పెట్టించుకుని చెంబుతో స్నానమా అంటారేమో, కాజాలో జనవరిలో స్నానం ఊసు మీ ఇంట్లోవాళ్లే ఎత్తరు.

ఎందుకలా అంటున్నానో లెక్కతో చెబుతాను. మీ బండిలో వాడింది అరంగుళం పైపు. దాని లోపల మీటరుకి పట్టే నీళ్లు లీటరులో ఎనిమిదో వంతు కూడా ఉండవు. ట్రావెలర్‌లో సింకుకి, షవర్‌కి, గీజర్‌కి తిరిగే పైపంతా కలిపితే ఎనిమిది మీటర్లు అనుకోండి, అంటే మొత్తం లైన్‌లో ఉన్నది లీటరు నీళ్లు. ట్యాంకులో 100 లీటర్లున్నాయి. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న లీటరు నీళ్లు పూర్తిగా మంచు కావాలంటే దాదాపు 93 వాట్ అవర్ల వేడి బయటికి పోవాలి. నిండు ట్యాంకు అంతా గడ్డకట్టాలంటే దానికి వంద రెట్లు పోవాలి కాబట్టి అది ఒక రాత్రికి లొంగదు, పైన చెక్కు కట్టి ఊరుకుంటుంది. సన్నపైపులో లీటరు నీళ్లకి మాత్రం ఒకటి రెండు గంటలు చాలు. కాబట్టి మీ తంటా అంతా ఆ లీటరుతోనే. దాన్ని రాత్రంతా వేడిగా ఉంచడం తేలికా, పది నిమిషాల్లో కింద పారబోయడం తేలికా?

ఇక పగలడం గురించి. నీళ్లు మంచు అయితే సుమారు 9 శాతం పెరుగుతాయి, ఇది స్కూల్లో అందరం చదివిందే. అయితే పైపు సరిగ్గా గడ్డ ఉన్నచోటే పగులుతుందని చాలామంది అనుకుంటారు. తరచూ అలా జరగదు. గడ్డ పెరుగుతూ ముందున్న నీళ్లని మూసి ఉన్న ట్యాప్ వైపు నెడుతుంది, గడ్డకీ ట్యాప్‌కీ మధ్య ఇరుక్కున్న నీళ్లలో ప్రెషర్ విపరీతంగా పెరిగి, ఆ ముక్కలో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చిట్లుతుంది. మా దగ్గరికి వచ్చే బండ్లలో అది సాధారణంగా ఎల్బో, లేకపోతే ట్యాప్ లోపలి భాగం, లేకపోతే పంపు ముందుండే ఫిల్టర్ గిన్నె. అందుకే చలి ప్రాంతంలో రాత్రి బండి ఆపినప్పుడు, లైన్ పూర్తిగా ఖాళీ చేయలేకపోయినా పంపు స్విచ్ ఆపి ట్యాపులన్నీ తెరిచి పెట్టండి. గడ్డ కట్టినా నీళ్లు జరగడానికి చోటుంటుంది.

సీపీవీసీ పెళుసు. ఇంటి గోడలో బాగానే ఉంటుంది గానీ కుదుపులున్న బండిలో, అందులోనూ మైనస్ చలిలో అది సరైన సరుకు కాదు. నమ్మకం కలగకపోతే మీ ఇంట్లోనే చూడండి: ఒక అడుగు సీపీవీసీ ముక్కకి ఒక చివర క్యాప్ అంటించి, అంచుదాకా నీళ్లు నింపి రెండో చివర కూడా క్యాప్ వేసి, సొల్యూషన్ పూర్తిగా ఆరనిచ్చి, కవర్లో చుట్టి ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్లో రెండు రాత్రులు పెట్టండి. పగిలితే పైపు పొడవునా వెంట్రుక మందాన సన్నటి గీత కనిపిస్తుంది. గడ్డగా ఉన్నంతసేపు ఆ గీత పొడిగానే ఉంటుంది, ఒక్క చుక్క కారదు. బయటపెట్టి కరిగాక చూడండి, అక్కడి నుంచి నీళ్లు ఊరుతుంటాయి. బండిలో కూడా ఇంతే. గడ్డకట్టిన రాత్రి ఏమీ తెలియదు, మర్నాడు ఎండ వచ్చాక పరుపు కింద తడి తెలుస్తుంది. మొన్నామధ్య ఒకాయన ఈ పరీక్షే బండి మొత్తానికి చేద్దాం, మీ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఒక రాత్రి పెడదామా అన్నాడు. మిర్చికి ఉంచేది సున్నాకి పైన ఉండే చల్లదనమే కాబట్టి అక్కడ మీ పైపుకి ఏమీ కాదు, బండి నిండా ఘాటు మాత్రం మిగులుతుంది.

పైపు మార్చుకునే ఓపిక ఉంటే పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపు వేయించండి. అది కొంచెం సాగుతుంది, గడ్డకట్టినా చాలాసార్లు తట్టుకుంటుంది. కానీ దాని ఇత్తడి, ప్లాస్టిక్ ఫిట్టింగులు సాగవు, కాబట్టి పెక్స్ వేశాం కదా అని నీళ్లు వదిలేయడానికి లేదు.

అసలు మన వైపు బండి కట్టేటప్పుడు ఎండనే చూసుకుంటాం. జనవరి రాత్రి కూడా విజయవాడలో దుప్పటితో సరిపోయే ఊళ్లు మనవి, చలి అంటే మనకి లంబసింగి. అందుకే ఏసీ ఎక్కడ పెట్టాలి, రూఫ్ కింద ఎంత మందం ఇన్సులేషన్ వేయాలి అని గంటలు గంటలు మాట్లాడుకుంటాం, ట్యాంకుని మాత్రం లోపల చోటు కలిసొస్తుందని ఛాసిస్‌కి వేలాడదీస్తాం. కిందికి డ్రెయిన్ ఉండదు, ఉన్నా అన్నిటికంటే తక్కువ ఎత్తులో ఉండదు. మీ బండిలో ముందు మార్చాల్సింది ఇదే. ట్యాంకుని లోపలికి, బెంచీ కింద పెట్టెలోకి తెండి. 100 లీటర్లు పట్టకపోతే 60 చాలు. ఆ పెట్టెలోనే పంపు, ఫిల్టర్, పైపులు తిరిగే మలుపులు అన్నీ వచ్చేలా చూడండి. పైపులు బయటి రేకుకి, వీల్ ఆర్చ్‌కి, వెనక డోర్ అంచుకి తగలకుండా లోపలివైపు నుంచి పోవాలి. రేకుకి ఆనుకున్న పైపు చుట్టూ ఎంత ఫోమ్ చుట్టినా ముందుగా గడ్డకట్టేది అక్కడే.

ట్యాంకు కిందే ఉంచేస్తాను, మార్చే టైమ్ లేదంటారా, అప్పుడు దాని చుట్టూ మందం షీట్ కప్పించి మనాలి వరకే వాడుకోండి. బండి పరిగెడుతుంటే కింద కొట్టే గాలి వల్ల పైపు బయటి చలి కంటే ఎక్కువ చల్లబడిపోదు గానీ, ఆ చలికి చేరుకోవడం మాత్రం చాలా త్వరగా చేరుకుంటుంది. ఆగి ఉన్న బండిలో తెల్లవారుజామున కట్టే గడ్డ, నడిచే బండిలో సాయంత్రమే కట్టవచ్చు.

ఫోమ్ గురించి కూడా ఒక మాట. ఏసీ రాగి పైపులకి తొడిగే నల్ల నైట్రైల్ రబ్బర్ ట్యూబ్ ఉంటుంది కదా, ఏసీ స్పేర్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది, అదే తొడిగించండి, బాగుంటుంది. కానీ అది వేడి పుట్టించదు. ఉన్న వేడి పోవడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. రాత్రి సాయంత్రం ఆరింటికి మొదలై పొద్దున ఎనిమిదింటిదాకా సాగే చోట ఆ ఆలస్యం సరిపోదు.

ఇప్పుడు మీ హీటింగ్ టేప్. సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం మీటరుకి 10 వాట్లు అనుకుందాం, ఎనిమిది మీటర్లకి 80 వాట్లు. పద్నాలుగు గంటల రాత్రికి 1,120 వాట్ అవర్లు, అంటే 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ బ్యాటరీ దాదాపు మొత్తం. వెచ్చబడ్డాక ఆ రకం కరెంటు తగ్గించుకుంటుంది నిజమే, కానీ కాజాలో వెచ్చబడటం ఎక్కడిది. పైగా మీది లిథియం బ్యాటరీ అయితే, అది ఐరన్ ఫాస్ఫేట్ రకమైనా సరే, సెల్ ఉష్ణోగ్రత సున్నా కిందికి పోయాక చార్జింగ్ చేయకూడదు, చేస్తే లోపల లిథియం పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. బ్యాటరీని కాపాడే సర్క్యూట్, అంటే బీఎంఎస్, మంచిది ఉంటే అదే చార్జింగ్ ఆపేస్తుంది. అప్పుడు రాత్రి టేప్ బ్యాటరీని తాగేస్తుంది, పొద్దున సోలార్ ఎండలో ఉన్నా బ్యాటరీ ఒక్క యాంపియర్ తీసుకోదు. రెండు వైపులా దెబ్బ.

అందుకని టేప్ మొత్తానికి వద్దు, రెండు చోట్ల చాలు: ట్యాంకు నుంచి పంపుకి వచ్చే మూర పైపు మీద, పంపు తల దగ్గర. నాలుగైదు డిగ్రీల దగ్గర ఆన్ అయ్యే చిన్న థర్మోస్టాట్ పెట్టించండి. చవకగా దొరికే మామూలు టేపులు ఒకదాని మీద ఒకటి పడేలా చుడితే ఆ అతుకు దగ్గర కాలుతుంది, పక్కనే ఫోమ్ ఉంది, ఆలోచించండి. టేప్‌కి విడిగా ఫ్యూజ్ ఉండాల్సిందే.

మిగతా పెట్టెకి వేడి డీజిల్ హీటర్ నుంచి రావాలి. 2 కిలోవాట్ల ఎయిర్ హీటర్ గంటకి పావు లీటరు లోపే డీజిల్ తాగుతుంది, నడుస్తున్నప్పుడు 30 వాట్ల లోపు కరెంటు తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యే రెండు మూడు నిమిషాలు మాత్రం ఎక్కువ లాగుతుంది. దాని గాలి గొట్టానికి ఒక టీ (మూడు దారుల జాయింట్) వేయించి సన్న కొమ్మ ఒకటి ట్యాంకు పెట్టెలోకి పంపండి, పెట్టె తలుపుకి కింద ఒకటి పైన ఒకటి చిల్లులు పెడితే గాలి తిరుగుతుంది. మనాలికి ఇది దివ్యంగా సరిపోతుంది. మనాలి ఎత్తు 6,700 అడుగులు, జనవరి రాత్రులు సున్నా అటూ ఇటూ, కొన్నిసార్లు అయిదారు డిగ్రీలు కిందికి. టన్నెల్ అవతల కథ వేరు. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, 2020 అక్టోబర్‌లో తెరిచారు, ఇవతల ఎక్కి అవతల దిగేసరికి లోయే మారిపోతుంది. కేలాంగ్ పదివేల అడుగుల మీద ఉంది, కాజా పన్నెండు వేలకి కొద్దిగా తక్కువ, అక్కడ రాత్రి మైనస్ ఇరవై అంటే జనవరిలో ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ ఎత్తులో గాలి పలచన కాబట్టి ఆల్టిట్యూడ్ సెట్టింగ్ లేని హీటర్లు మసి పట్టి రాత్రి రెండింటికి ఆగిపోతాయి. మీ లైన్ క్షేమం ఆ హీటర్ ఒక్కదాని మీద ఆధారపడి ఉంటే టెన్షన్ తప్ప నిద్ర ఉండదు. ఇక్కడ కింద నింపిన డీజిల్ చలికి మైనం పట్టి చిక్కబడుతుంది కూడా, దారిలో కొండ మీది బంకుల్లో నింపుకుంటూ వెళ్లండి.

సరే, ఖాళీ చేయడం ఎలాగో చెబుతాను, నిజానికి జవాబులో ముఖ్యమైన భాగం ఇదే. మనాలి నుంచి కేలాంగ్ పగలు వెళ్లి రాత్రికి వెనక్కి వచ్చేస్తే ఏమీ చేయక్కర్లేదు, ట్యాంకు పెట్టె వెచ్చగా ఉంచుకోండి. అక్కడే పడుకుంటే మాత్రం మనాలిలోనే ఖాళీ చేయండి. కాజా వైపు అయితే రాంపూర్ మంచి చోటు, సట్లెజ్ ఒడ్డున ఎత్తు తక్కువలో ఉంటుంది, చేతులు కొంకర్లు పోకుండా పని అవుతుంది. అక్కడినుంచి రెకాంగ్ పియో, నాకో, తాబో మీదుగా పైకి పోవడమే.

ముందు ట్యాంకు డ్రెయిన్ తెరవండి. అది కారుతుండగా అన్ని ట్యాపులూ తెరిచి పంపు ఆన్ చేసి, ట్యాపుల్లో నీళ్లకి బదులు గాలి ఉమ్మడం మొదలవగానే ఆపేయండి. లైన్‌లో అన్నిటికంటే పల్లంలో ఒక బాల్ వాల్వ్ ఉండాలి, వేడినీళ్ల లైన్‌కి ఒకటి, చన్నీళ్లకి ఒకటి, రెండూ తెరవండి. మిక్సర్ ట్యాప్ లివర్ని మధ్యలో పెట్టండి, ఒక పక్కకి పెడితే రెండో పక్క నీళ్లు అలాగే నిలిచిపోతాయి. తర్వాత గాలి కొట్టాలి. అరంగుళం ఎండ్ క్యాప్‌కి చిల్లు పెట్టి ట్యూబ్‌లెస్ టైర్ వాల్వ్ బిగిస్తే మీ టైర్లకి గాలి కొట్టే చిన్న ఇన్‌ఫ్లేటర్ దానికి పట్టేస్తుంది, ఏ షెడ్లోనైనా నిమిషాల మీద చేసిస్తారు. దాన్ని పంపు అవతలి వైపు లైన్‌కి తగిలించి 30 పీఎస్ఐ దాటకుండా కొట్టండి. ట్యాపులన్నీ మూసి, దూరంగా ఉన్నది ముందు తెరిచి నీళ్లు చిమ్మడం ఆగేదాకా వదిలి, మూసి, తర్వాతది. ఒక రౌండ్ అయ్యాక ఇంకో రౌండ్. పంక్చర్ షాపు పెద్ద కంప్రెసర్ నేరుగా పెట్టించకండి, దాని ప్రెషర్‌కి జాయింట్లు ఊడతాయి.

అందరూ మర్చిపోయేది హెల్త్ ఫాసెట్. దాని గొట్టంలో, తుపాకీ తలలో నీళ్లు నిలిచే ఉంటాయి, అది విప్పేసి దులిపి డ్రాయర్లో పెట్టండి. షవర్ గొట్టం కూడా అంతే. పంపు ముందున్న ఫిల్టర్ గిన్నె తిప్పితే వచ్చేస్తుంది, ఒలకబోసి, పంపుని రెండు మూడు సెకన్లు తిప్పితే తలలో ఉన్న గుక్కెడు నీళ్లు కూడా బయటికి వస్తాయి. సింక్ కింద బాటిల్ ట్రాప్ విప్పి ఖాళీ చేయండి, వాసన రాకుండా సింక్ రంధ్రంలో గుడ్డ కుక్కండి. బాల్ వాల్వులు పూర్తిగా తెరిచో మూసో కాకుండా సగంలో వదలండి, ఎందుకంటే ఆ బంతికీ బయటి గూటికీ మధ్య కాసిని నీళ్లు చిక్కుకుంటాయి, వాల్వు పగిలేది వాటివల్లే. వాడిన నీళ్ల ట్యాంకు వాల్వు కూడా ముందే తెరిచి ఖాళీ చేసి పెట్టండి, పైన ఉన్నన్ని రోజులు గిన్నెలు కడిగిన నీళ్లు కింద బకెట్లోకే.

గీజర్ సంగతి విడిగా చెప్పాలి. ఇన్‌స్టంట్ గ్యాస్ గీజర్ లోపల సన్నటి రాగి గొట్టం మెలికలు తిరిగి ఉంటుంది, బండిలో మొట్టమొదట చిట్లేది అదే, అతికించడానికి వీలుకానిది కూడా అదే. కింద నీళ్లు వచ్చే పక్కన చాలా మోడళ్లకి చిన్న డ్రెయిన్ నాబ్ ఉంటుంది, అది విప్పి గాలి కొట్టండి. ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను: ఆ గీజర్‌కి పొగ బయటికి పోయే గొట్టం లేకపోతే అది బండిలో ఉండకూడదు. చలికి అద్దాలన్నీ బిగించుకుని పిల్లలతో పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనా ఉండదు, రంగూ ఉండదు. డీజిల్ హీటర్ ఉన్నా, స్టవ్ ఉన్నా, మోనాక్సైడ్ అలారం ఒకటి తల దగ్గర పెట్టుకోండి. సిలిండర్ కూడా అక్కడ సన్నగిల్లుతుంది, మన ఇంటి గ్యాస్‌లో బ్యూటేన్ పాలు ఎక్కువ, అది సున్నా దగ్గరకి వచ్చేసరికి ఆవిరి కావడం మానేస్తుంది. మంట చిన్నదైందని సిలిండర్ని వేడి చేసే ప్రయత్నాలు దయచేసి వద్దు.

కొందరు నీళ్ల లైన్‌లో కూలెంట్ పోసేస్తే పోలా అంటారు. రేడియేటర్ కూలెంట్ చాలావరకు ఇథిలీన్ గ్లైకాల్, అది విషం, రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలున్న చోట మరీ ప్రమాదం. తాగే నీళ్ల లైన్‌లో ఒక్క చుక్క పోయకూడదు. విదేశాల్లో క్యాంపర్లకి వాడేది ప్రొపిలీన్ గ్లైకాల్, నీళ్లతో సగం సగం కలిపితే మైనస్ ముప్పై దాకా గట్టిపడదు. మన దగ్గర కెమికల్ షాపుల్లో డ్రమ్ముల నుంచి వంపి అమ్మే సరుకుని నేను నమ్మను. పిల్లల దగ్గు మందుల్లో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి జరిగిన ఘోరాలు పేపర్లలో చూశాం కదా. ఖాళీ లైన్‌కి ఏ మందూ అక్కర్లేదు.

పైన వాడుకోవడానికి 20 లీటర్ల క్యాన్లు రెండు, పూర్తిగా నింపకుండా మెడ దగ్గర పది శాతం ఖాళీ ఉంచి, నేల మీద కాకుండా పరుపు పక్కన ఎత్తులో పెట్టండి. బండి నేల అన్నిటికంటే చల్లగా ఉంటుంది. స్టీలు ఫ్లాస్కులు రాత్రే వేడినీళ్లతో నింపుకుంటే పొద్దున మొహాలకి, టీకి ఇబ్బంది ఉండదు. స్పితిలో చలికాలం హోంస్టేల్లో కూడా కుళాయిలో నీళ్లు రావు, బకెట్లతో మోసుకుని వాడతారు, మరుగుదొడ్లు పొడివి. అక్కడివాళ్లే లైన్ ఆపేసుకుంటే మన బండి లైన్ గొప్పేముంది? ఈ సంగతి ఇంట్లోవాళ్లకి బయల్దేరే ముందే చెప్పండి, కాజాలో చెబితే గొడవలైపోతాయి.

ఇన్ని చెప్పినా మనాలిలో ఒక పొద్దున ట్యాప్ తిప్పితే నీళ్లు రాలేదనుకోండి. ముందు పంపు చప్పుడు వినండి. పంపు ఒక్క క్షణం తిరిగి దానంతట అదే ఆగిపోతే గడ్డ పంపు తర్వాత, ట్యాప్ వైపు ఉంది, ప్రెషర్ నిండి స్విచ్ కట్ అవుతోందన్నమాట. ఆగకుండా తిరుగుతూనే ఉండి నీళ్లు రాకపోతే ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉంది. అసలు తిరగకుండా మూలిగి ఫ్యూజ్ కొడితే పంపు తలలోనే గడ్డ ఉంది, మళ్లీ మళ్లీ స్విచ్ వేశారంటే మోటారు పోతుంది. ఏదైనా సరే, తెలిసిన వెంటనే పంపు ఫ్యూజ్ పీకేయండి. ఒక ట్యాప్‌లో వచ్చి ఇంకో ట్యాప్‌లో రాకపోతే మీ పని సులువైనట్టే, ఆ రెండూ విడిపోయే టీ తర్వాతే వెతకాలి. పైపు మీద చెయ్యి పెట్టి జరుపుతూ వెళ్తే గడ్డ ఉన్నచోట చురుక్కుమంటుంది, బయట సన్నగా తెల్లటి నూగు కూడా పట్టి ఉంటుంది. వీల్ ఆర్చ్ పక్క, వెనక డోర్ మూల, గోడకి క్లాంపు కొట్టిన చోట్లు ముందు చూడండి.

ట్యాపులన్నీ తెరిచి పెట్టి, ట్యాప్ చివర నుంచి వేడి పెట్టడం మొదలుపెట్టి గడ్డ వైపు రావాలి. నేరుగా గడ్డ మధ్యలో వేడి పెడితే కరిగిన నీళ్లకి, ఆవిరికి రెండు పక్కలా దారి ఉండదు, అప్పటిదాకా పగలని పైపు అప్పుడు పగులుతుంది. చాలాసార్లు మొదటి పని అసలు పైపు ముట్టుకోకపోవడమే: ట్యాంకు పెట్టె తలుపు, సింక్ కింద అలమర తెరిచి, డీజిల్ హీటర్ ఫుల్‌లో పెట్టి, గంట ఆగండి. ఎండ వచ్చే పక్కకి బండి తిప్పి పెట్టండి. కొండల్లో ఎండ పడిందంటే రేకు త్వరగా వేడెక్కుతుంది.

హోటల్ ఆవరణలో ఉంటే 230 వోల్టుల ప్లగ్ అడిగి హెయిర్ డ్రయర్ వాడండి, ఒకేచోట ఆపకుండా, ఒక జానెడు దూరంలో, అటూ ఇటూ ఆడిస్తూ. బండి ఇన్వర్టర్ మీద డ్రయర్ వద్దు, 12 వోల్టుల బ్యాటరీ నుంచి వంద యాంపియర్లు పైనే లాగుతుంది, చలికి సగం చచ్చిన బ్యాటరీ పూర్తిగా పడుకుంటుంది. ప్లగ్ దొరక్కపోతే పాత టవల్ వేడినీళ్లలో ముంచి, గట్టిగా పిండి, పైపుకి చుట్టండి, చల్లారగానే మార్చండి. నడుము నొప్పికి వాడే రబ్బరు వేడినీళ్ల బ్యాగ్ పంపు తల మీద ఆనించి పెడితే దానికంటే మంచి సాధనం లేదు. నీళ్లు చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు. సలసల కాగేవి ఒక్కసారి పోస్తే గడ్డకట్టిన సీపీవీసీ జాయింట్ దగ్గర టప్పుమంటుంది. పోసిన నీళ్లు బండి కింద నేల మీద పది నిమిషాల్లో అద్దంలా గట్టిపడతాయి, దాని మీద కాలు పెట్టి పడ్డవాళ్లని చూశాను, అందుకే పోయడం కంటే చుట్టడం మేలు.

టార్చ్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. పైపు ప్లాస్టిక్, దాని మీద రబ్బర్ ఫోమ్, పక్కన ప్లైవుడ్, వెనక రేకుకీ ప్లైవుడ్‌కీ మధ్య ఇన్సులేషన్ షీట్, అడుగు దూరంలో గ్యాస్ పైపు. మంట పెట్టాల్సిన చోటు అది కాదండి.

నీళ్లు సన్నగా రావడం మొదలైందని వెంటనే సంబరపడకండి. పంపు ఫ్యూజ్ పెట్టి, ట్యాపులు మూసి, స్విచ్ వేసి, లైట్ పట్టుకుని లైన్ మొత్తం చూడండి. పంపు ప్రెషర్ పట్టి ఆగిపోవాలి. ఎవరూ ట్యాప్ తిప్పకుండానే అయిదు నిమిషాలకోసారి టకటకమని తనంతట తాను కొట్టుకుంటే ఎక్కడో కారుతున్నట్టే. కారుతుంటే పంపు ఆపి, లైన్ ఖాళీ చేసి, మిగతా ట్రిప్ క్యాన్లతో నడిపేయండి. అక్కడ సీపీవీసీ అతికించే పని పెట్టుకోవద్దు, ఆ చలికి సొల్యూషన్ ఆరడానికి ఎంతసేపైనా పడుతుంది, ఆరకముందే ప్రెషర్ పెడితే ఊడొస్తుంది. గమ్ లేకుండా నెడితే బిగుసుకునే పుష్ ఫిట్ కప్లింగులు నాలుగు, ఎండ్ క్యాపులు రెండు, చిన్న పైపు కట్టర్ టూల్ డబ్బాలో ఉంటే పగిలిన ముక్క కోసేసి ఆ కొమ్మని మూసేయొచ్చు. కప్లింగులు మీ పైపు బయటి కొలతకి సరిపోతాయో లేదో ఇక్కడే తొడిగి చూసుకుని పెట్టుకోండి, సీపీవీసీ కొలతా, పెక్స్ కొలతా అన్నిసార్లూ ఒకటి కాదు.

ట్యాంకు లోపలికి మార్చడం, పల్లంలో రెండు డ్రెయిన్లు, గాలి కొట్టే నిపుల్, ఈ మూడు పనులకి మా దగ్గరే కాదు, ఆటోనగర్‌లో ఏ షెడ్లో అయినా వారం పట్టొచ్చు. పండగ ముందు పనివాళ్లు ఊళ్లకి వెళ్లిపోతారు, కాబట్టి డిసెంబర్ మొదటి పదిరోజుల్లోపే బండి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు ట్యాంకు నింపి ఇవ్వండి, తీసుకునేటప్పుడు మీ చేత్తో మీరే ఒకసారి మొత్తం ఖాళీ చేసి చూసుకోండి.